నాలుగో పేరు

మా ఆడబిడ్డ ఇక లేదని దవాఖాన నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను ఆమె కోసం జావ కాస్తున్నాను. డెంగీ తగ్గుతోందని ముందురోజే అన్నారు. ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు గరిటె తిప్పుతూనే ఉన్నాను.

ఆమె మొయినాబాద్ దగ్గర ఇంజనీరింగ్ చదివేది. నాది ఏడో తరగతి చదువు. కనకమామిడిలోని ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో నా నోరు విప్పించింది ఆమె ఒక్కతే. వంటింటి గడప దగ్గర ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, పల్లీలు నములుతూ కోడింగ్ పోటీల సంగతులు చెప్పేది. ఇచ్చిన లెక్కకు ప్రోగ్రాం రాసి పంపితే ఒప్పో తప్పో కంప్యూటరే చెబుతుందట.

"ఎక్కువ లెక్కలు చేసినోళ్లు పైన వదినా. ఇద్దరివి సమానమైతే నిమిషాలు చూస్తరు. పోటీ మొదలైనంక ఏ లెక్క ఎన్నో నిమిషంల అయ్యిందో అన్నీ కూడుతరు. ఎవరివి తక్కువుంటే వాళ్లు పైన."

"తప్పు పంపితే?"

"తప్పుకు ఇరవై నిమిషాలు కలుపుతరు. అది గూడ ఆ లెక్క ఆఖరుకు ఒప్పయితేనే. అసలే కాకపోతే దాని తప్పులు పట్టించుకోరు."

"గిదేం న్యాయం?" అన్నాను.

"పంపకుండ కూసుంటే మాత్రం సున్ననే. నీ తీరు! అన్నీ కడుపుల పెట్టుకుంటవు, ఒక్కటి బయటికి పంపవు" అని నవ్వింది.

తప్పు వస్తే తన నెత్తిన మొట్టుకునేది, ఒప్పు వస్తే నా నెత్తిన మొట్టేది. ఆమె చెప్పబట్టే ఈ సంగతులు మీకు రాయగలుగుతున్నాను.

బయట జరిగే పెద్ద పోటీకి కాలేజీ తరఫున ముగ్గురినే పంపుతారు. ఆ జట్టులో ఉండాలన్నదే ఆమె కోరిక. ఆ ముగ్గురిని ఎంచే పోటీ ఒక ఆదివారం పెట్టారు, ఇంటి నుంచే రాయొచ్చు. ఆమె తలుపు దగ్గరికి వేసుకుని కూర్చుంది. సర్పంచి ఎన్నికల మాటలకని మామ దగ్గరికి పెద్దమనుషులు వచ్చారు.

"మా బిడ్డ కంప్యూటర్ల ర్యాంకులు తెస్తది. జర ఆగుండ్రి, పిలుస్త" అన్నాడు మామ. "బిడ్డా, ఇటు రా!"

"బాపూ, పోటీ నడుస్తున్నది."

"ఐదు నిమిషాలే. పోటీ యాడికి పోతది?"

అత్తమ్మ తలుపు తోసింది. ఆడబిడ్డ లేచి వచ్చి నిలబడింది. ఎన్నో ర్యాంకని ఒకాయన అడిగాడు. ఇంకొకాయన ఫోన్ చేతికిచ్చి, "ఫోటోలు వస్తలేవు, జర చూడు బిడ్డా" అన్నాడు. ఆమె అది కూడా బాగుచేసి ఇచ్చింది. తిరిగి వెళ్లి చివరి లెక్క ఒప్పు చేసింది. ఫలితాల జాబితాలో మూడో పేరు ఒక అబ్బాయిది, నాలుగోది ఈమెది. లెక్కలు సమానం, నిమిషాలు ఈమెవి ఎక్కువ.

"మీ సారుకు చెప్పరాదా?" అన్నాను.

"ఏమని చెప్పాలె వదినా? గడియారానికి మా బాపు ఎవరో తెల్వదు."

తండ్రిని ఒక్క మాట అనలేదు. వచ్చే ఏడు మళ్లీ రాస్తానంది. ఆ ఏడు ఆమెకు రాలేదు.

పోయాక ఆ పెద్దమనుషులే పలకరించడానికి వచ్చారు. "నా బిడ్డ జట్టుల ఉండాల్సింది. జర్రంత నసీబ్ లేకపాయె" అన్నాడు మామ కళ్లు తుడుచుకుంటూ.

"అవునన్నా, దేవుడు గట్ల రాసిండు" అన్నాడు ఫోన్ బాగుచేయించుకున్నాయన.

నేను మంచినీళ్లు పట్టుకుని నిలబడ్డాను. "నసీబ్ కాదు మామా" అన్నాను. పెద్దల ముందు మాట్లాడటం నాకు అదే మొదలు. "ఆ పోటీ రాసుకుంట కూసుంటే మనమే పిలిచినం. నిమిషాలు అందుకే పెరిగినయి."

"నువ్వు లోపలికి నడువు" అంది అత్తమ్మ. నేను కదల్లేదు. మామ నా వైపు చూడలేదు, ఎవరి వైపూ చూడలేదు.

మర్నాడు పొద్దున మామ వడ్రంగిని తీసుకొచ్చాడు. ఆమె గది తలుపుకు లోపలి వైపు గొళ్లెం పెట్టించాడు. రెండుసార్లు తానే వేసి, తీసి చూసుకున్నాడు. ఇప్పుడు ఆ గది ఊడుస్తుంటే తలుపు వెనక అది కొత్తగా మెరుస్తూ ఉంటుంది. లోపల కూర్చుని వేసుకునే వాళ్లు లేరు.