తడి సాంపిల్ నాది

మా ల్యాబ్ పెద్దసార్ పోయిన శుక్రవారం తొండియార్‌పేటలోని తమ ఇంట్లో గుండె ఆగి కన్నుమూశారు. సోమవారం ఫ్యాక్టరీలో సంతాపసభ పెట్టారు. "పెద్దాయన మంచివారు. చివర్లోనే కాస్త చాదస్తం వచ్చి, తడి సాంపిల్ కాల్చి మమ్మల్ని హడలగొట్టారు" అన్నారు మేనేజరు. నలుగురు నవ్వారు కూడా. నా ఒళ్లు మండిపోయింది. అందుకే మీకిది రాస్తున్నాను.

మేం బ్రేకు ప్యాడ్లు చేస్తాం. ప్యాడ్‌లోని పొడులన్నిటినీ పట్టి ఉంచేది ఫినాలిక్ రెసిన్. బ్రేకు వేడికి అది తొందరగా కాలి పొగైపోకూడదు. రెసిన్‌ను మెల్లగా వేడి చేస్తూ ఎంత వేడి దగ్గర బరువు తగ్గుతోందో యంత్రంతో గీత గీయించడం, వచ్చిన పొగలో ఏముందో తేల్చడం సార్ పని. విజయవాడ నుంచి కొత్తగా వచ్చిన నాకు ఆ పని నేర్పింది ఆయనే. ముందు పొడిని ఆరబెట్టాలి, లేకపోతే ఆవిరైన నీటి బరువు కూడా రెసిన్ ఖాతాలో పడుతుంది. ఆరిన పొడిని తేమ పీల్చే గుళికలున్న గాజుపాత్రలో పెట్టి, మూత మీద వేలితో రెండుసార్లు కొట్టేవారు.

"ఈడ గుళికలు నీలంగా ఉండాయా, లోపల తడి లేదని అర్థం. రోజా రంగు తిరిగినాయంటే నమ్మబాక. సరియా?"

పోయినేడు ఒక లోడు రెసిన్ వచ్చింది. మొదటి పరీక్ష నేనే చేశాను, ఆరబెట్టడం మరిచాను. సార్ తిట్టలేదు. ఆరబెట్టి మూడుసార్లు తనే చేశారు. మూడుసార్లూ రెసిన్ తట్టుకోవాల్సిన వేడికి ముందే కాలిపోయింది. రిపోర్టులో నాలుగూ పెట్టారు, మొదటిది తడి సాంపిల్ అని రాసి మరీ. మేనేజరు ఆ ఒక్క కాగితమే పట్టుకున్నారు.

"అంతా తేమే సార్. పాస్ చేసేయండి."

"తేమకు వాసన ఉంటాదా సార్? ఈ పొగలో రెసిన్ కాలితే వచ్చే ఫినాల్ ఉండాది. నేను చేవ్రాలు పెట్టను."

"అసలు తడిది కాల్చిందెవరు?"

"నేనే" అన్నారు సార్.

నేను పక్కనే ఉన్నాను. కొత్త ఉద్యోగం పోతుందని తల దించుకుని నోట్‌బుక్ తిరగేశాను. వారం తిరక్కుండా సార్‌ను స్టోర్స్‌కు తోసేశారు. ఆ లోడు ప్యాడ్లుగా మారి బళ్లకెక్కింది. తప్పుడు సరుకు వాళ్లది, చాదస్తం ఆయనదట! క్షమించమని అడగడానికి వెళితే, గోనెసంచుల మధ్య నుంచి లేచి నాకు స్టూలు వేశారు.

"మరిచిపోయేది తప్పు కాదమ్మా. మరిచిపోయినామని రాయకపోతే, అది తప్పు."

ఆ మాట విని కూడా నేను రాయలేదు. నా మీదే నాకు ఎక్కువ కోపం.

సభ నుంచి నేరుగా ల్యాబ్‌కు వెళ్లాను. పాత రిపోర్టు తీసి, మొదటి కాగితం మీద సార్ పేరు పక్కన "ఇది చేసింది నేను" అని రాసి సంతకం పెట్టాను. గాజుపాత్రలో వెనకగా ఒక సీసా ఉంది. ఆ లోడు నంబరు, "ఆరబెట్టినది" అని సార్ గుండ్రటి అక్షరాలు. చుట్టూ గుళికలు ఇంకా నీలంగానే ఉన్నాయి. సగం పొడి సీసాలోనే ఉంచి, సగం కొలిమిలో పెట్టాను.

కాసేపటికి ఘాటు వాసన వరండా దాకా పాకింది. మేనేజరు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చారు.

"ఏంటమ్మా ఈ కంపు?"

"తేమ, సార్" అన్నాను.

ఆయన గుమ్మంలోనే నిలబడ్డారు. జేబురుమాలు మాత్రం తియ్యలేదు.