విమర్శ పుస్తకంలో మూడో లోపం

నా చేతిరాత బాగుంటుందని ఇప్పటికీ ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లకేం తెలుసు పాపం. ఈ చేతిరాతే ఒక మనిషి నోటికాడి కూడు లాగేసింది. అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, నేనే చెప్పాలి.

అరవైలు మొదలైన కొత్తలో నేను నెల్లూరులో ఆడవాళ్ల ట్రైనింగు స్కూల్లో చేరాను. బుచ్చిరెడ్డిపాలెం నుంచి ట్రంకుపెట్టె మోసుకొచ్చిన పందొమ్మిదేళ్ల పిల్లని. చదువులో ఫస్టు. నోటి దురుసులో అంతకన్నా ఫస్టు. హాస్టల్లో మా గదికి నలుగురం. ముగ్గురం ఒక ఈడువాళ్లం. నాలుగో ఆమెకు నలభై దాటాయి. అందరం ఆమెను అక్కా అనేవాళ్లం.

అక్క పులికాటు పక్కన ఒక బెస్త పల్లెలో పద్దెనిమిదేళ్లుగా టీచరు. ఒక్క గది, ఒక్క టీచరు ఉన్న బడి. మొగుడు పోయాడు, పుట్టిన బిడ్డ పురిట్లోనే పోయింది. తెల్లారి లేచి బైబిలు చదువుకునేది, తర్వాత బడి, అంతే. ఆమెకు వేరే లోకం లేదు. అయితే ట్రైనింగు లేని టీచర్లు ట్రైనింగు పూర్తిచేసి సర్టిఫికెట్టు తెచ్చుకోవాలని, లేకపోతే ఉద్యోగం వదులుకోవాలని పైనుంచి తాకీదు వచ్చింది. ఆ వయసులో ఆమె మాతోపాటు బెంచీ మీద కూర్చోవడానికి కారణం అదే.

మొదటి నెలలోనే నాకు తెలిసిపోయింది. నేను కుడివైపు నుంచి పిలిస్తే పలికేది కాదు. పొగరేమో అనుకున్నాను. ఒకరోజు కోపం వచ్చి ఎదురుగా వెళ్లి, "ఏందక్కా, గొంతు చించుకుంటుండా, పలకవేంది?" అని కసిరాను. ఆమె ముఖం తెల్లబోయింది. నా చెయ్యి పట్టుకుని బావి గట్టుకు తీసుకుపోయింది.

"కుడిచెవి పూర్తిగా పోయింది పాపా. పురిటి జొరంలో పోయింది. ఎడమది సగం ఉండాది. ఎదురుగా ఉంటే పెదాలు చూసి కనుక్కుంటా. ఈడ ఎవురికీ చెప్పబాక. తెలిస్తే నన్ను ఇంటికి పంపించేస్తారు."

"నేనెందుకు చెప్తానక్కా" అన్నాను. ఆ క్షణాన నిజంగానే అన్నాను.

అప్పటినుంచి క్లాసులో ఆమెకు కుడిపక్కన నేనే కూర్చునేదాన్ని. మాకు పాఠాలు చెప్పే అమ్మగార్లు ఇచ్చిన నోట్సు నా పుస్తకం చూసి రాసుకునేది. దానికి బదులు ఆమె నాకు నేర్పిందాన్ని లెక్కగడితే నా నోట్సు ఏ మూలకూ రాదు. మేం పాఠం చెప్పడం నేర్చుకోవడానికని పక్కనే ఉన్న మోడల్ స్కూల్లో నా మొదటి పాఠం సంత గోల అయింది. పిల్లలు ఒకరినొకరు గిల్లుకుంటున్నారు, నేను అరుస్తున్నాను. గదికి వచ్చి దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. అక్క దుప్పటి లాగి, "అరిస్తే వాళ్లు ఇంకా అరుస్తారు మే. మాట్లాడటం ఆపేసి ఊరికే నిలబడు. నీ మాట కోసం వాళ్లే చూస్తారు" అంది. మర్నాడు అట్లాగే నిలబడ్డాను. పిల్లలు చూశారు. ఈనాటికీ నాకు తెలిసిన టీచరు పని అదే.

మా స్కూల్లో విమర్శ పాఠం అని ఒకటుండేది. ఒకరు మోడల్ స్కూలు పిల్లలకు పాఠం చెప్పాలి. మిగతా అందరం వెనక కూర్చుని విమర్శ పుస్తకంలో మూడు గుణాలు, మూడు లోపాలు రాయాలి. తర్వాత హాల్లో, పాఠం చెప్పే పద్ధతులు నేర్పే మెథడ్సు అమ్మగారు ఆ పుస్తకాల్లో మంచివి ఏరి పైకి చదివేవారు. రాసినవాళ్ల పేరు చెప్పేవారు కాదు. పాఠం చెప్పినామె ముందు కుర్చీలో కూర్చుని వినాలి, ఎదురు చెప్పకూడదు. ప్రతిసారీ చదివేవాటిలో నాది ఉండాల్సిందే. "పరిశీలన అంటే ఇదీ" అని అమ్మగారు అంటుంటే నా కళ్లు నెత్తికెక్కేవి. తోటివాళ్ల తప్పులు పట్టడానికి పెన్సిలు చెక్కుకుని మరీ వెళ్లేదాన్ని.

అక్క వంతు వచ్చింది. నాలుగో తరగతికి ఆటుపోట్ల పాఠం. బోర్డు మీద ఒక్క గీతతో సముద్రం, ఇంకో గీతతో పడవ వేసింది. చందమామను చూసి నీళ్లు ఎప్పుడు వస్తాయో, ఎప్పుడు తీస్తాయో మా పల్లెలో పలక పట్టని తాత కూడా చెప్తాడని మొదలుపెట్టింది. టవును పిల్లలు, మైపాడు సముద్రం ఒక్కసారైనా చూశారో లేదో, నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు. వెనకున్న మేమూ అంతే. పాఠం చెప్పడమంటే అదీ.

ప్రశ్నలు అడిగేటప్పుడు చూశాను. అక్కకు కుడివైపు బెంచీలో ఒక ఆడపిల్ల లేచి సరైన జవాబు చెప్పింది. అక్క ఆ పిల్ల వైపు చూడనే లేదు. ఎడమవైపు వాళ్లను అడిగింది. ఆ పిల్ల మూడుసార్లు లేచి మూడుసార్లు చెప్పింది. చివరికి ముఖం చిన్నబుచ్చుకుని కూర్చుంది.

నా పుస్తకంలో గుణాలు మూడూ ఎప్పుడో రాసేశాను. లోపాలు రెండే దొరికాయి: బోర్డు మీద తేదీ వేయలేదు, సుద్ద చెయ్యి చీరకు తుడుచుకున్నారు. మూడోది కావాలి. చుట్టూ చూస్తే ముప్పైమందిలో ఆ పిల్లను గమనించినవాళ్లు ఒక్కరూ లేరు. నేనొక్కదాన్నే చూశాను. అబ్బో, ఎంత గొప్పగా అనిపించిందో! "కుడివైపు విద్యార్థిని మూడుసార్లు సరైన జవాబు చెప్పినా ఉపాధ్యాయిని వినిపించుకోలేదు" అని గుండ్రంగా రాశాను. చెవి మాట రాయలేదు గదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. రాస్తున్నప్పుడు నాకు అక్క గుర్తే లేదు, అమ్మగారి మెప్పే గుర్తుంది.

హాల్లో అక్క ముందు కుర్చీలో మావైపు తిరిగి కూర్చుంది. అమ్మగారు ఆమె వెనక, కుడిపక్కన, కిటికీ దగ్గర నిలబడి చదువుతున్నారు. అక్కకు ఒక్క ముక్క వినబడటం లేదు. మా ముఖాలు చూస్తూ, మెచ్చుకుంటున్నారనుకుని, చిన్నగా నవ్వుతూ తల ఊపుతోంది. నా మూడో లోపం చదివినప్పుడు కూడా అట్లాగే నవ్వి తల ఊపింది. అమ్మగారు చదవడం ఆపారు. అక్కడే నిలబడి, "ఏమ్మా, వింటున్నావా?" అన్నారు. అక్క నవ్వుతూనే ఉంది. "ఏమ్మా!" అని మళ్లీ పిలిచారు. మా ముఖాలు మారడం చూసి అక్క నవ్వు ఆగింది. ఏమైందని నావైపే చూసింది. ఎదురుగా కూర్చున్న నేను పెదాలు కదిలించి చెప్పొచ్చు. తల దించుకున్నాను.

బయట వరండాలో నన్ను పట్టుకుంది. "ఏం చదివినారు పాపా? అది ఎవురు రాసినారు?"

కుడివైపు పిల్ల సంగతి చదివింది చదివినట్టు చెప్పాను. "రాసింది ఎవరో తెలీదక్కా. పేరు చెప్పలేదు" అన్నాను. ఆమె ఎడమచెవికి నోరు ఆనించి చెప్పాను ఆ అబద్ధం.

"ఎవురైతే ఏంలే. ఆ పిల్ల జవాబు చెప్పిందా నిజంగా? అయ్యో, ఎంత చిన్నబుచ్చుకుందో ఏమో" అంది. నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

స్కూలు వాళ్లు అక్కను పెద్దాసుపత్రికి చెవుల పరీక్షకు పంపించారు. తోడుగా నన్నే పంపారు, ఇంకెవరిని పంపుతారు, నేనే గదా ఆమెకు దగ్గర. డాక్టరు ఆమెను గోడవైపు తిప్పి నిలబెట్టి, వెనక నుంచి అంకెలు చెప్పి, మళ్లీ చెప్పమన్నాడు. ఆమె గోడను చూస్తూ ఊహించి ఏవో అంకెలు చెప్పింది. ఒక్కటీ కలవలేదు. కాగితం ఇంగ్లీషులో రాసి నా చేతికిచ్చాడు. బయట చెట్టుకింద కూర్చున్నాక, చదివి చెప్పమంది. బడిలో పాఠం చెప్పడానికి పనికిరాదని రాశాడక్కా అన్నాను. "ఇంకోసారి చెప్పు" అంది. మొదటిసారే వినబడిందని ఆమె ముఖమే చెబుతోంది. అయినా రెండోసారి చెప్పించుకుంది. కొంగు నోట్లో కుక్కుకుని, "నా బడి పాపా, నా బడి" అని ఊగిపోయింది. నేనూ ఏడ్చాను. నా ఏడుపు చూసి ఆమె నన్ను ఓదార్చింది. ఛీ, నా బతుకు!

అక్క పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. నేను ఫస్టుక్లాసులో పాసయ్యాను. ఊళ్ల బడులు చూసే పంచాయతీ సమితి వాళ్ల దగ్గరనుంచి మొదటి ఉద్యోగం ఆర్డరు వచ్చింది. ఊరి పేరు చూసి మళ్లీ చదివాను. అక్క బడికే. ఆ ఖాళీలోకే. వెళ్లనని ఇంట్లో మొండికేస్తే, "వచ్చిన గవర్నమెంటు ఉద్యోగం వద్దంటావా, మతిపోయిందా?" అని నాన్న గద్దించాడు. కారణం ఆయనకు మాత్రం ఏమని చెప్పను?

పడవ దిగేసరికి కాలవ గట్టున అక్క నిలబడి ఉంది. చిక్కిపోయింది. రెండో చెవి కూడా దాదాపు పోయింది. పల్లెవాళ్లు ఆమెను పోనివ్వలేదు, బడి పక్కనే ఒక పాక వేసి ఇచ్చారు. వాళ్లతోపాటు వలలు బాగుచేస్తూ బతుకుతోంది. నా పెట్టె అందుకుని, "సమితి ప్రెసిడెంటు దగ్గరికి నేనే పోయి అడిగినా పాపా. ఎవురో వచ్చేదానికన్నా మా పాపను పంపించండి, నా పిలకాయల్ని బాగా చూసుకుంటాదని చెప్పినా" అంది.

మర్నాడు బడిలో మొదటి ప్రశ్న అడిగాను. జవాబు తెలిసిన పిల్లలంతా లేచి పరిగెత్తుకొచ్చారు. నా ఎడమ భుజం పట్టుకుని, చెవిలో నోరు పెట్టి, ఒకరి తర్వాత ఒకరు గట్టిగా అరిచి చెప్పారు. టీచరమ్మకు జవాబు చెప్పడమంటే అట్లాగే అని వాళ్లు పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి అనుకుంటున్నారు. నాకు బాగా వినబడుతుందని, కూర్చునే చెప్పమని అనకుండా ఆ రోజంతా వంగి చెవి అందించాను.

ఆ మూడో లోపం నాదేనని అక్కకు కాగితం మీద రాసి ఇవ్వొచ్చు గదా అని మీరనొచ్చు. చాలాసార్లు కాగితం తీశాను. ఒకసారి రాసినందుకే ఇంత అయ్యింది, మళ్లీ చెయ్యి ఆడలేదు. నోటితోనే చెప్పాలనుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క అన్నానికి పిలిచింది. పాక ముందు నీడలో నలుగురైదుగురు ఆడవాళ్లు వలలు ముందేసుకుని కూర్చుని ఉన్నారు. అక్క నాకు మట్టగిడస చేపల పులుసు వడ్డిస్తోంది. దగ్గరికి జరిగి ఆమె చెవిలో, "అక్కా, ఆ మాట రాసింది నేనే" అన్నాను.

"ఏంది పాపా?"

కొంచెం గొంతు పెంచాను. "నేనే రాశానక్కా."

"వినబళ్లేదు మే, గట్టిగా చెప్పు. సిగ్గెందుకు, అందరూ మనోళ్లే గదా" అంది. వలల దగ్గర చేతులు ఆగాయి. ఆడవాళ్లంతా మావైపు చూస్తున్నారు. తమ టీచరమ్మ బడిలోంచి ఎట్లా పోయిందో వాళ్లందరికీ తెలుసు, ఎవరివల్ల పోయిందో తెలీదు. అక్క గరిటె పట్టుకుని నా పెదాలవంకే చూస్తోంది. నేను చెయ్యి అడ్డం పెట్టుకుని నోరు తుడుచుకున్నాను.

"పులుసు బాగుందక్కా!" అని అరిచాను.

ఆమె నవ్వి ఇంకో గరిటె వేసింది. తిన్నాను.