ఏడేళ్ల విజిట్ వీసా

మొన్న మా అక్క మనవరాలు ఖమ్మం బస్సు దిగి నేరుగా నా దగ్గరికే వచ్చింది. నర్సింగు చదివిన పిల్ల, దుబాయిలో ఉద్యోగం చూశాడట ఎవరో ఏజెంటు. "ముందుగాల విజిట్ వీసా మీద పొమ్మంటుండు తాతా, అక్కడికి పోయినంక రెసిడెన్సీ చేపిస్తడంట, నువ్వేమంటవ్?" అని అడిగి, ఇచ్చిన మంచినీళ్లైనా ముట్టకుండా నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. మా గూడెంలో ఆ దేశం చూసివచ్చిన ముసలాణ్ని నేనొక్కణ్నే మరి. జవాబు చెప్పాలంటే మా ఆవిడ సంగతి ఎత్తాలి, అది చిన్నపిల్లల ముందు ఎత్తడం నాకు ఇప్పటికీ చేతకాదు. నా ఈడు వాళ్లు గనక మీకు చెప్పుకుంటాను.

భద్రాచలంలో మిషను కుట్టుకునే నేను దుబాయికి పోయింది విజిట్ వీసా మీదనే. చూసిపోయేవాడిగా దిగి, ఒక దర్జీ దుకాణం వెనకగదిలో బట్ట కత్తిరిస్తూ, గడువు తీరేసరికి విమానమెక్కి పక్క దేశపు దీవిలో పడి, కొత్త వీసా వచ్చేదాకా సత్రంలాంటి హోటల్లో పదిమందితో కలిసి పప్పన్నం వండుకు తిని, మళ్లీ చూసిపోయేవాడిలాగే దిగేవాణ్ని. విజిట్ మీద పనిచేయడం నేరం గనక, తనిఖీకి వస్తున్నారంటే కత్తెర వదిలి వెనక తలుపు గుండా పరుగే. నా బావమరిది మాత్రం కంపెనీ వీసా మీద, అక్కడే ఉండి పనిచేసుకోనిచ్చే రెసిడెన్సీ ముద్ర పాస్‌పోర్టులో వేయించుకుని దర్జాగా ఉండేవాడు. రెండేళ్లకు గానీ సెలవుండేది కాదు వాడికి. నువ్వు గుంజకు కట్టేసిన ఎద్దువిరా అని ఆటపట్టిస్తే, "అవ్ బావా, నువ్వు అచ్చోసిన ఆంబోతువే! జరమొస్తే నేను దవాఖానాకు పోత, నువ్వేడికి పోతవ్?" అనేవాడు. వాడన్నది నిజమే, కానీ ఆ రోజుల్లో నాకు పొగరు ఎక్కువ.

పొగరు ఒకటే కాదు, మరో కారణమూ ఉంది. మా గూడెంలో విత్తనాల పండగనాడు మా ఇంటి పెద్దమగవాడు తొలి గుప్పెడు చల్లనిదే ఎవరూ నాగలి కదపరు. మా నాయన పోయాక ఆ చెయ్యి నాదయింది. రెసిడెన్సీ తీసుకుంటే సెలవు దొరికేది రెండేళ్లకోసారి. నేను రాకపోతే ఊరంతా విత్తనం ఎట్లా వేస్తుందని, దుకాణం సేటు తానే అడిగి ముద్ర వేయిస్తానన్నా ఏడేళ్లు వద్దన్నాను. మా గూడెం వాళ్లు తప్ప ఇలాంటి పిచ్చిపని మరెవరూ చేయరు. ఏటా తొలకరికి వచ్చి, నాలుగు వారాలుండి, మళ్లీ పోయేవాణ్ని.

మాకు పిల్లలు కలగలేదు. రెసిడెన్సీ ఉంటే భార్యను తెచ్చుకోవచ్చని బావమరిది నోటివెంట విన్నప్పటినుంచీ మా ఆవిడకు అదే ఆశ. గట్టిగా అడిగే మనిషి కాదు. ఏడో ఏడు మాత్రం, నేను సంచి సర్దుకుంటుంటే ఎండిన ఇప్పపూలు చేటలో ఏరుతూ తలెత్తకుండానే, "నువ్వు పండక్కొచ్చెటోడివి, నాకోసం వచ్చెటోడివి కాదు," అంది. చెంపమీద కొట్టినట్టయింది. పోయీపోగానే సేటు దగ్గరికెళ్లి సరేనన్నాను.

సేటు కాయితాలు కదిలించేసరికి ఏడాది తిరిగొచ్చింది; మరుసటి తొలకరికి నా పాస్‌పోర్టు ముద్రకోసం వీసా ఆఫీసులో ఉంది, కదలడానికి లేదు. రాలేనని ఫోన్ చేస్తే, "రాకు, నన్నే తీస్కపోతన్నవ్ గదా," అని నవ్వింది. తొలి గుప్పెడు మా చిన్నాయన కొడుకు చల్లాడట. వాన వచ్చింది, చేను మొలిచింది, ఏ లోటూ రాలేదు. ఏడేళ్లు నేను లేకపోతే కాదనుకున్న పని అంత సులువుగా అయిపోయిందని విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ వానల్లోనే ఆమెకు మలేరియా తగిలింది. భద్రాచలం దవాఖానాలో చేర్చారని కబురొచ్చిన రోజు నేను ఆ ఆఫీసు కిటికీ పట్టుకుని వేలాడాను. పాస్‌పోర్టు ఇవ్వండి, ముద్ర వద్దు, ఏమీ వద్దు అన్నాను. రేపు రమ్మన్నారు. మర్నాడూ రేపే అన్నారు. ఏడేళ్లు జేబులోనే ఉండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇంటికి చేర్చగలిగిన పుస్తకం, కావలసిన ఆ నాలుగు రోజులే నా దగ్గర లేదు. మెరిసే ముద్రతో అది చేతికొచ్చి, నేను గూడెం చేరేసరికి ఆమెను కాటికి సాగనంపడం అయిపోయింది. ఆర్నెల్లు బయట ఉంటే ఆ ముద్ర చెల్లదన్నారు. ఆర్నెల్లూ ఇక్కడే కూర్చుని చెల్లకుండా పోనిచ్చాను.

మనవరాలితో చివరికి ఇంతే అన్నాను: రెసిడెన్సీ ఇస్తామని కాయితం ముందు చేతికిస్తేనే విమానమెక్కు, దొంగలా బతక్కు, వెళ్లేది ఎవరికోసమో ఒక్కసారి ఆలోచించుకో. పిల్ల తలూపింది. ఇప్పుడు ఆ ముద్ర ఫోన్‌లోకే వచ్చేస్తుందట, పాస్‌పోర్టు ఎవరికీ అప్పజెప్పనక్కరలేదట. మా చేలల్లోనూ పత్తి విత్తనాల ప్యాకెట్లు వచ్చాక, ఎవరి చెయ్యి కోసమూ ఎవరూ ఆగడం లేదు.

ఏటా నేను గుమ్మంలో కాలు పెట్టగానే మా ఆవిడ చెంబుతో నీళ్లందిస్తూ మొదట అడిగే మాట ఒకటుండేది, "ఎన్ని దినాలుంటవ్?" అని. ఎప్పుడూ వేళ్లమీద లెక్క చెప్పేవాణ్నే తప్ప ఆ మాటలో బాధ పట్టించుకోలేదు. నా ఇంట్లో కూడా నేను విజిట్ మీదే బతికాను. ఇప్పుడు ఇక్కడే ఉంటున్నాను, ఎటూ పోను. ఆ మాట చెప్పుకోవడానికి ఆమె లేదు.