రెండు గంటలకోసారి నాలుగు ముద్దలు

పాతికేళ్లుగా ఆ యూనిఫాంల కార్ఖానాలో కటింగ్ మాస్టారు గీసిందే గీత. అలాంటి మనిషికి అన్నవాహికలో క్యాన్సర్ వచ్చింది. డాక్టర్లు ఆ గొట్టం తీసేసి, పొట్టనే సన్నటి గొట్టంలా మలిచి, ఛాతీలోంచి పైకి లాగి మెడ దగ్గర కుట్టారు. ఆ సంగతి విని మాస్టారే నవ్వాడు.

"ప్యాంటు గుడ్డలోంచి చొక్కా చేతులు తీసినట్టన్నమాట. గుడ్డ చాలిందా మరి?"

చాలింది. కానీ పొట్ట ఉండాల్సిన చోట పొట్ట లేదు. ఇంటికొచ్చిన కొత్తలో వాళ్లక్క "చిక్కి సగమయ్యావురా, ఇంకొంచెం తిను" అంటూ కొసరి కొసరి పెట్టింది. అరగంటలో గుండె దడదడలాడి, ఒళ్లంతా చెమటలు పోసి, ఆయన కుప్పకూలాడు. పాపం, ప్రేమకేం తెలుసు పొట్ట కొలత! అప్పటినుంచీ రెండు గంటలకోసారి నాలుగు ముద్దలు తినడం, కాసేపు నిటారుగా కూర్చోవడం.

కొన్ని నెలలకు ఆస్పత్రివాళ్లు "పనికి ఫిట్" అని కాగితమిచ్చారు. కార్ఖానాలో తిండికి గంట కొట్టేది ఒక్కసారే, మధ్యాహ్నం ఒంటిగంటకు. పదింటికి మాస్టారు డబ్బా మూత తీశాడో లేదో, మేనేజరు ప్రత్యక్షం.

"ఏం మాస్టారూ, అత్తారింటికొచ్చారా? ఫిట్ అని రాశారుగా! ఫిట్టయితే అందరితోపాటు తినండి. కాదంటే ఇంట్లో కూర్చోండి."

రెండు రోజులు పంటి బిగువున నెట్టుకొచ్చాడు. మూడోనాడు నీరసానికి గీత తప్పి, చొక్కా చేతులన్నీ బొటనవేలంత మేర పొట్టివైపోయాయి. పాతికేళ్లలో అదే మొదటిసారి.

"మీ చేయి పోయింది మాస్టారూ" అన్నాడు మేనేజరు, నలుగురూ వింటుండగా.

ఆ మాట కత్తికంటే లోతుగా దిగింది. మర్నాడే భార్యను వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్లాడు. రెండు గంటలకోసారి తినాలని ఒక్క ముక్క రాసివ్వమన్నాడు.

"ఆపరేషన్ అద్భుతంగా కుదిరింది" అన్నాడు డాక్టరు. "ఫారంలో ఫిట్, అన్‌ఫిట్ అని రెండే గళ్లున్నాయండీ. నేనేం చెయ్యను?"

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. "ఏం బాబూ, ఛాతీలో పొట్ట పెట్టడానికి చోటు దొరికింది గానీ, కాగితం మీద ఒక్క ముక్కకు దొరకలేదా?"

ఎన్ని గంటలో కత్తి పట్టి ప్రాణం నిలబెట్టిన చేతికి, ఆ ప్రాణం ఎలా తింటుందో రాయడం బరువైపోయింది! డాక్టరు గళ్ల కింద ఆ ముక్క రాసి సంతకం పెట్టాడు.

కార్ఖానాలో మేనేజరు ఆ కాగితాన్ని తిరగేసి చూశాడు. "గళ్ల బయట రాసింది చెల్లదు."

బల్లమీద బడిపిల్లల చొక్కాల గుడ్డ పరిచి ఉంది. ఎల్లుండికి ఇవ్వాల్సిన సరుకు. మాస్టారు కత్తెర మేనేజరు ముందు పెట్టాడు.

"అయితే మీరే కొయ్యండి. నేను కొయ్యాలంటే పదింటికి తింటాను."

మేనేజరు కత్తెర ముట్టుకోలేదు. పదయింది. మాస్టారు కుర్చీలో నిటారుగా కూర్చుని డబ్బా తెరిచాడు. మేనేజరు వాచీ చూసుకుంటూ అక్కడే నిలబడ్డాడు. మాస్టారు ఒక్క ముద్దనైనా తొందరపడి మింగలేదు.