వీసా పొడిగించమంటే సాగనంపబోయాను

నా చేత ఆన్‌లైన్ పని ఏదైనా చేయించుకుందామని మీలో ఎవరికైనా ఆలోచన ఉంటే, ముందు ఇది చదవండి. ఒక మంచి అమ్మాయిని, చేతిలో పని సగంలో ఉండగా, ఎంతో మర్యాదగా దేశం నుంచి వెళ్ళగొట్టబోయినవాణ్ణి నేను. అదీ ఇంకొన్నాళ్ళు ఉండనివ్వమని ఆమె అడిగినందుకు!

అప్పట్లో మచిలీపట్నం కోనేరు సెంటర్ దగ్గర నాకో ఇంటర్నెట్ షాపు ఉండేది. రైలు టికెట్లు, కరెంటు బిల్లులు, హాల్ టికెట్లు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఆ మూడూ కలిసినా సరితూగని నా ఆత్మవిశ్వాసం.

లూసియాది అర్జెంటీనా. కలంకారీ అద్దకం నేర్చుకు రమ్మని తను చదివే కాలేజీ వాళ్ళు పంపారు. మా మేడ మీద గదిలో అద్దెకుంటూ రోజూ బస్సెక్కి పెడనలోని అద్దకం షెడ్డుకు వెళ్ళేది. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ. "నాకు ఒక్క భాష చాలండీ, రెండైతే కలిసిపోతాయి" అని ఆమె దణ్ణం పెట్టేసరికి, మా అమ్మ ఇల్లు మొత్తాన్నీ తెలుగులోకి మార్చేసింది. పైగా ఆమెకు 'లూసమ్మ' అని పేరు కూడా పెట్టేసింది.

ఆ అమ్మాయి పట్టుదల చూసి తీరాలి. చేతులు మోచేతుల దాకా నీలం, గోళ్ళు నలుపు. నాగాయలంక వెళ్ళి, పడవెక్కి, మడచెట్లనూ వాటి మీద వాలిన కొంగలనూ చూసొచ్చి, టేకు దిమ్మ మీద ఆ బొమ్మతో అద్దకం అచ్చు తనే చెక్కుకుంది. మొదటి అచ్చులో కొంగ కాస్తా బాతులా వచ్చింది. బాగానే ఉందని షెడ్డులో పని నేర్పే మేస్త్రి సర్దిచెప్పినా వినలేదు, దాన్ని పక్కన పడేసి మళ్ళీ మొదటి నుంచి చెక్కింది. నేనైతే అది బాతేనని చెప్పి అమ్మేసేవాణ్ణి.

ఆ అచ్చుతో ఒక పెద్ద దుప్పటి మొదలుపెట్టింది. సగం రంగులు పడ్డాయో లేదో, వానలు పట్టుకున్నాయి. అద్దిన బట్టను పారే నీటిలో జాడించాలి, ఎండలో ఆరెయ్యాలి. కాలవ చూస్తే టీ డికాక్షన్‌లా ఉంది. సూర్యుడు చూస్తే సెలవు పెట్టినట్టున్నాడు. ఈలోగా వీసా గడువు దగ్గరపడింది.

"రఫీ గారూ, వీసా పొడిగించే పని మీకు వచ్చాండీ?" అని అడిగింది.

"అదెంత పనండీ! టీ చల్లారేలోపు అయిపోతుంది."

సైటు తెరిచాను. ఏం కావాలో ఎంచుకోమంది. 'ఎక్స్' అని కనబడగానే టక్కున నొక్కేశాను. అది ఎక్స్‌టెన్షన్ కాదు, ఎగ్జిట్. పేరులో రావాల్సిన టెన్షన్ తర్వాత తీరిగ్గా వచ్చింది లెండి.

"ఒకసారి చదవనాండీ?" అంటూ లూసియా ముందుకు వంగింది.

"ఎందుకండీ, అదంతా ఆఫీసు భాష. చదివితే తలనొప్పి" అని ఆ అవకాశం కూడా లేకుండా చేసి దరఖాస్తు పంపించేశాను.

కొన్నాళ్ళకు నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. దేశం విడిచి వెళ్ళడానికి మీరు పెట్టుకున్న దరఖాస్తు అందింది, పాస్‌పోర్టుతో ఆఫీసుకు రండి, అని. నా మొహం చూసి అమ్మ దగ్గరికొచ్చింది.

"ఏంట్రా, పొడిగించారా?"

"పొడిగించారమ్మీ. వీసా కాదు, దారి. అర్జెంటీనా దాకా."

"ఉండనివ్వమని అడగమంటే పంపించెయ్యమని రాశావా! అన్నం ముందు కూర్చున్న మనిషిని లేపి బస్సెక్కించినట్టుంది కదరా!"

విషయం చెప్పినప్పుడు లూసియా నన్ను తిట్టలేదు. సగం రంగుల దుప్పటిని మడిచి సంచిలో పెట్టుకుంటూ, "వెళ్ళి అడుగుదామండీ" అంది. తిట్టి ఉంటే నాకు ఎంతో హాయిగా ఉండేది.

గుడివాడలో ఉన్న మా కరీం మామూకు ఫోన్ చేశాను. అమ్మకు తమ్ముడు. ఏళ్ళ తరబడి గల్ఫ్‌లో పనిచేసొచ్చినవాడు కాబట్టి మా బంధువులందరికీ వీసా పండితుడు.

"ఒరేయ్, ఆఫీసరు ముందు ఆ అమ్మాయిని నోరు విప్పనివ్వకు. కంగారులో ఏదో ఒకటి అనేస్తుంది. మాట్లాడేదంతా నువ్వే మాట్లాడు" అన్నాడు.

నేనే మాట్లాడాను. ఆఫీసరు ఒక నడివయసు మేడమ్.

"ఎందుకు వెళ్ళిపోతున్నారు?" అని లూసియాను అడిగింది.

"వెళ్ళట్లేదు మేడమ్" అన్నాను నేను.

"మరి వెళ్తానని పెట్టారే?"

"మా బందరులో 'వెళ్తాను' అనం మేడమ్, 'వెళ్ళొస్తాను' అంటాం. ఆ ఉద్దేశంతో..."

"అంటే వెళ్ళి మళ్ళీ వస్తారా?"

"అసలు వెళ్ళరు మేడమ్."

"వెళ్ళకుండా ఎలా వస్తారండీ? ఇంతకీ ఈ దరఖాస్తు ఎవరు పెట్టారు?"

లూసియా మా మామూ సలహాను పక్కకు నెట్టేసింది.

"తప్పు నాదండీ. నా పేరు మీద వెళ్ళేది నేను చదవాలి కదండీ, చదవలేదు. వానలకి బట్ట ఆరలేదు. ఇలాగే తీసుకెళ్తే రంగు నిలవదు, నాకు నేర్పినవాళ్ళ పేరు పోతుంది. పని పూర్తి చేసే వెళ్తానండీ."

అంటూ సంచిలోంచి దుప్పటి తీసి బల్ల మీద పరిచింది. మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఈ కొంగల్ని మీరే చెక్కారా?"

"రెండుసార్లండీ. మొదటిసారి బాతు వచ్చింది."

మేడమ్ పకపకా నవ్వింది. గండం గడిచిందని నేను కూడా నవ్వాను. అప్పుడు ఆవిడ దరఖాస్తు మీది ఫోన్ నంబరు చూసి, తన ఫోన్ తీసి నొక్కింది. నా జేబులో ఖవ్వాలీ మొదలైంది.

"తప్పు ఎవరిదో తెలిసింది లెండి" అని ఆవిడ లూసియా వైపు తిరిగింది. "గడువు ఇంకా ఉందమ్మా. ఇది రద్దు చేసుకుని, మీ మేస్త్రి చేత ఒక ఉత్తరం రాయించి సరైనది పెట్టండి. ఈసారి మీరే చదివి నొక్కండి."

కొత్త దరఖాస్తును లూసియా ప్రతి వాక్యం వేలు పెట్టి చదువుతూ పూర్తి చేసింది. మధ్యలో రెండు మాటలకు అర్థం అడిగితే, నేను లేచి టీ తేవడానికి వెళ్ళాను. వీసా గడువు పెరిగింది. వానలు తగ్గాయి. మిగిలిన రంగులు పడి, జాడింపు అయి, దుప్పటి ఎండలో తీగ మీదికెక్కిన రోజు అమ్మ కూడా పెడన వచ్చింది. గాలికి బట్ట ఊగుతుంటే కొంగలు రెక్కలు సర్దుకుంటున్నట్టే ఉంది. "గట్టిగా క్లిప్పులు పెట్టవే లూసమ్మా, ఎగిరిపోతాయి!" అంది అమ్మ. మేస్త్రి అయితే ఆ అమ్మాయి నీలం చేతుల్ని పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

ఆ దుప్పటి చూపించడానికి మేడమ్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ దాన్ని తనివితీరా తడిమి చూసి, లూసియాతో మెల్లగా అంది:

"రేపు నిజంగానే వెళ్ళే రోజు వస్తుందమ్మా. అప్పుడు మాత్రం ఈయన్ని టికెట్ కొననివ్వకండి. ఇక్కడే ఉండిపోవాల్సి వస్తుంది."

కాబట్టి పాఠక మహాశయులారా, మౌస్ మీద నుంచి కుడి చెయ్యి తీసి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట నేను ఎవరి వీసా జోలికీ పోను. మా మేనత్త మక్కాకు ఉమ్రా యాత్రకు వెళ్తానన్నా సరే, దువా చేస్తాను తప్ప దరఖాస్తు చెయ్యను.