గోడ దాటని డబ్బా

ఉద్యోగంలో చేరిన కొత్తలో, లోకంలోని కష్టాలు సగం ప్రార్థనతో, సగం ప్రోగ్రాంతో తీరిపోతాయని నాకు గట్టి నమ్మకం. (ప్రార్థన మీద ఇప్పటికీ అంతే నమ్మకం.) ఉప్పల్ నుంచి బస్సులో నాచారం వెళ్లి, ఒక చిన్న కంపెనీలో వైర్‌లెస్ పరికరాలను నడిపే ప్రోగ్రాంలు, అంటే డ్రైవర్లు, రాసేవాణ్ణి. అప్పుడే మా పెద్దమ్మ తుంటి విరిగి మంచాన పడింది. ఒక్క ఆదివారం కూడా ఆరాధన మానని మనిషి. చర్చి ఆమె ఇంటికి రెండిళ్ల అవతలే. పాస్టరుగారి మైకు దగ్గర ఒక వైర్‌లెస్ డబ్బా, ఆమె తలగడ పక్కన ఒక డబ్బా పెట్టి, వాక్యం ఇంట్లోనే వినిపిస్తానని సంఘం ముందు మాట ఇచ్చాను.

డబ్బా గరగరలాడింది తప్ప మాట్లాడలేదు. "ఏందిరా, నీ డబ్బా మా గోడ దాటుతలేదు" అన్నాడు పెద్దమ్మ కొడుకు, మా అన్న. "జర మంచం కిటికీ కాడికి జరుపుదాం అన్నా" అన్నాను. ఆ వారం కిటికీ దగ్గర, పై వారం వరండాలో, ఆ తర్వాత వీధిలో, చివరికి నలుగురు సంఘపెద్దలు ఆమెను మంచంతో సహా మోసుకెళ్లి చర్చి గుమ్మం ముందు షామియానా కింద దించారు. "ఇంకో వారమైతే పాస్టరుగారి కుర్చీల కూసోబెడ్తం" అన్నాడు అన్న, నడుం పట్టుకుని. అక్కడ పాస్టరుగారి గొంతు నేరుగానే వినిపిస్తుంది. అయినా నా మనసు నొచ్చుకుంటుందని ఆమె డబ్బాను ఒళ్లో పెట్టుకునేది. ఆరాధన అయ్యాక ఆడవాళ్లంతా చుట్టూ చేరేవారు, పసిపిల్లల్ని పక్కన పడుకోబెట్టేవారు. పాటలో రాగం తప్పినవాళ్లకు ఆమె అక్కడికక్కడే చీవాట్లు పెట్టేది.

నేను మాత్రం ఉపవాసముండి తప్పు వెతికాను. ప్రతి చిప్‌కీ ఫ్యాక్టరీలో కొలిచి ఇచ్చిన సొంత సవరణలుంటాయి. కాలిబ్రేషన్ డేటా అంటాం, డబ్బా మెమరీలో ఒక ఫైలుగా ఉంటుంది. అవి లేకపోతే ఎంత బలంగా పలకాలో చిప్‌కే తెలియదు. నా డ్రైవర్, మెమరీ తెరుచుకోకముందే నిద్రలేచి ఆ ఫైలు అడిగి, దొరక్క, ఏవో మామూలు అంకెలతో సరిపెట్టుకుంటోంది. ఫైలు అందేదాకా ఆగమని రాశాను. ఆ ఆదివారం లోపలి గదిలో, మంచం కదపకుండానే, వాక్యం స్పష్టంగా వినిపిస్తోందని అన్న చర్చికి వచ్చి చెప్పాడు. పెద్దలు నడుములు నిమురుకుంటూ దేవునికి స్తోత్రం చెప్పారు. నేను లేచి సాక్ష్యం కూడా చెప్పాను.

ఆరాధన కాగానే పరుగున వెళ్లి "ఎట్లుంది పెద్దమ్మా?" అన్నాను. గదిలో ఆమె ఒక్కతే ఉంది.

"మస్తు ఇనవడ్తుంది బిడ్డా. ఎవరో దగ్గింది సుత ఇనవడ్డది. ఎవరో సూడనీకే లేదు, గంతే." డబ్బాను నిమిరి, "జర దాన్ని మళ్ల ఖరాబు జేయరాదు?" అంది.

పరిహాసమనుకుని నవ్వాను. పైగా మంచం పక్కన కూర్చుని, డ్రైవర్ ఎందుకు ఆగాలో ఓపికగా వివరించాను. ఆమె అంతకన్నా ఓపికగా విన్నది. ఎండాకాలం గడవకముందే ప్రభువు ఆమెను పిలుచుకున్నాడు. అప్పటిదాకా ప్రతి ఆదివారం ఆ గదిలో డబ్బా ఒక్క మాట తప్పకుండా పలికింది. ఆమె ఇప్పుడు గొప్ప సంఘంలో ఉందని నాకు సందేహం లేదు. డబ్బా బాగున్నా మంచం మోయొచ్చని మాత్రం, అన్ని ఉపవాసాలు చేసిన ఆ కుర్రవాడికి తట్టలేదు.