అచ్చు తప్పిన పావలా

మొన్న బట్టలు ఉతికే మెషీన్ అడుగున పది రూపాయల బిళ్ళ ఒకటి దొరికింది. తడిచేత్తో తీసి గుప్పిట్లో పెట్టుకుంటే ఎన్నో ఏళ్ళుగా నా ముక్కుకి తగలని వాసన, చెమటా లోహమూ కలిసిన చిల్లర వాసన, గుప్పున కొట్టింది. రాజమండ్రిలో ఇప్పుడు కొబ్బరిబోండాలవాడు కూడా ఫోనే చూపించమంటున్నాడు కనుక ఆ వాసన మన ఇళ్ళల్లోంచి ఎప్పుడు వెళ్ళిపోయిందో నేను గమనించనే లేదు. చిన్నప్పుడు మాత్రం మా ఇల్లంతా అదే వాసన. దానికి కారణం మా బాబాయి.

మాది ద్రాక్షారామం నుంచి కోటిపల్లి వెళ్ళే దారిలో ఒక ఊరు. నాన్నకి తమ్ముడైన బాబాయి కోటిపల్లి రేవులో పడవ టికెట్లు ఇచ్చేవాడు. కోనసీమ కొబ్బరికాయల వ్యాపారులు, చేపల తట్టలతో ఆడవాళ్ళు, రామచంద్రపురంలో బట్టలు కొనడానికి బయల్దేరిన పెళ్ళివాళ్ళు, అందరి చేతుల్లోని చిల్లరా సాయంత్రానికి ఆయన గుడ్డసంచిలోకి చేరేది. మర్నాడు రేవుని వేలంలో పాడుకున్న పాటదారుకి అప్పగించేదాకా ఆ సంచి మాది. ఎండాకాలం ముంజలు జుర్రుకుంటూ, ముసురు రోజుల్లో కాల్చిన పనసగింజలు ఒలుచుకుంటూ, చలికాలం తేగలు చీల్చుకుంటూ నేనూ తమ్ముడూ పక్కింటి పిల్లలూ వీధి అరుగు మీద ఆ చిల్లర చుట్టూ చేరేవాళ్ళం. మా పని తప్పులు పట్టడం. టంకశాలలో అచ్చు సరిగ్గా పడని బిళ్ళ కనిపిస్తే బాబాయి తన జేబులోంచి మంచిదొకటి సంచిలో వేసి దాన్ని తీసుకునేవాడు, పట్టినవాళ్ళకి నిమ్మతొన మిఠాయి ఇచ్చేవాడు.

తప్పు పట్టడానికో పద్ధతి ఉంది. నాణెం పై అంచున ఒక వేలు, కింది అంచున ఒక వేలు ఆనించి నిలబెట్టి, మెల్లగా పక్కకి తిప్పాలి. ఇటువైపు అంకె నిటారుగా ఉంటే అటువైపు సింహాలు కూడా నిటారుగా నిలబడాలి. అవి ఏ పక్కకైనా ఒరిగితే మాకు పండగ. అచ్చు పక్కకి జరిగి నెలవంకంత ఖాళీ మిగిలిన పదిపైసల బిళ్ళలు, అంకె మీద అంకె పడిన ఇరవై పైసలు, ఒకవైపు ఏ బొమ్మా లేక నున్నగా ఉన్నవి, ఇవన్నీ బాబాయి సీసాలో ఉండేవి. నిమ్మతొన మీద ఆశతో తమ్ముడు ఒకసారి అయిదు పైసల బిళ్ళని రాయి పెట్టి సొట్టలు పడేదాకా కొట్టి తెచ్చాడు. బాబాయి దాన్ని ఒక్క చూపు చూసి, దెబ్బ తగలడం వేరు, పుట్టుకతో రావడం వేరు అని తేల్చేసి, కష్టపడ్డాడు కదా పాపం అని సగం నిమ్మతొన వాడి చేతిలో పెట్టాడు. మా నాయనమ్మకి మాత్రం ఇదంతా చిల్లర పిచ్చి. చెల్లని కాసులు పోగేసేవాడికి పిల్లనెవరిస్తారని ఆవిడ బెంగ.

నేను అయిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం బాబాయి సంచి దించకుండానే నన్ను పిలిచి ఒక పావలా నా అరచేతిలో పెట్టాడు. ఒకవైపు సింహాలు మామూలుగానే ఉబ్బెత్తుగా ఉన్నాయి. తిప్పితే అంకె లేదు! అవే సింహాలు అద్దంలో చూసినట్టు తిరగబడి, లోపలికి గుంటపడి ఉన్నాయి. అంతకుముందు కొట్టిన బిళ్ళ అచ్చుకి అతుక్కుపోతే దాని బొమ్మే తర్వాతి దాని మీద ఇలా దిగుతుందట. ఆయన రేవులో పనికి చేరినప్పటి నుంచీ వెతుకుతున్నది ఇదే. ఏటా రాజమండ్రిలో నాణేల ప్రదర్శనకి వెళ్ళి, అందరివీ చూసి, తనవి చూపిస్తే అక్కడి నిర్వాహకులు మర్యాదగా పక్కకి నెట్టేశాక తిరిగొచ్చేవాడు. ఈసారి ఈ పావలా సంగతి వినగానే, వచ్చే ఆదివారం తెస్తే అద్దాల పెట్టెలో చోటిస్తామని మాటిచ్చారు. ఇలాంటి నాణేన్ని తోమకూడదని ఆయనకి అప్పటికి తెలియదు. చింతపండు పెట్టి తళతళా మెరిసేదాకా తోమి, గూట్లో దీపం పక్కన పెట్టుకున్నాడు.

ఆ వారమే నాకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం ఎంతకీ దిగక ఇంట్లోవాళ్ళంతా హడలిపోయారు. నాయనమ్మ తెల్లగుడ్డ పసుపులో ముంచి ఆరబెట్టి, భీమేశ్వరస్వామికి రూపాయి పావలా ముడుపు కట్టింది. అరిగిన నాణెం దేవుడికి పెట్టకూడదు కదా, శుక్లాలు కమ్మిన ఆవిడ కళ్ళకి గూట్లో అన్నిటికంటే మెరుస్తూ కనిపించిన పావలా అదే. ఆదివారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకున్న బాబాయి గూట్లో తడిమి చూసి, సంగతి తెలిసి, చొక్కా విప్పేశాడు. కట్టిన ముడుపు మొక్కు తీరేదాకా విప్పకూడదు. ఆయన రాజమండ్రి వెళ్ళలేదు, రోజంతా నా మంచం పక్కన కూర్చుని తడిగుడ్డ వేశాడు. తను చేసిన పని తెలిసి నాయనమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు.

జ్వరం దిగింది. నాకు పథ్యం పెట్టి, మినపసున్నుండలు తినిపించి ఒళ్ళు చేయించాక, అందరం ఎడ్లబండి కట్టుకుని ద్రాక్షారామం వెళ్ళాం. హుండీ ముందు నాయనమ్మ ముడుపు చేతిలో పట్టుకుని ఆగిపోయింది. నియమం తప్పితే భోజనం కూడా చెయ్యని మనిషి ఆవిడ.

"ముడి విప్పి వేరే పావలా వేద్దాంరా. స్వామి ఏమీ అనుకోడులే" అంది.

బాబాయి ముడుపు తీసుకుని గుడ్డ మీద నుంచే ఆ గుంటల్ని బొటనవేలితో ఒకసారి తడిమాడు. తర్వాత నా చేతికిచ్చి, నన్ను ఎత్తుకుని, వెయ్యమన్నాడు. వేశాను. చిన్న చప్పుడైంది. ఆయన దారిలో అందరికీ జీళ్ళు కొనిపెట్టాడు, బండి తమ్ముడి చేత తోలించాడు, మేము ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నాం.

ఆ తర్వాత కూడా మా అరుగు మీద వెతుకులాట చాలా ఏళ్ళు సాగింది. అలాంటిది మళ్ళీ దొరకలేదు. ఇప్పుడు పావలాలే చెల్లవు. రూపాయి పావలా ముడుపు కట్టేవాళ్ళు లేరు, పదకొండు రూపాయలు కడుతున్నారు. నిమ్మతొనలు ఇచ్చి తప్పులు వెతికించే పెద్దవాళ్ళూ లేరు.

బాబాయికి డెబ్బై దాటాయి. ఆ మధ్య మా ఇంటికొచ్చినప్పుడు, అలాంటి పావలాకి ఎంత పలుకుతుందో ఫోన్‌లో వీడియో చూపించి, బాధగా లేదా బాబాయ్ అని అడిగాను. ఆయన అబద్ధమాడే రకం కాదు.

"ఉంటుందిగా మరి. అదింకోటి దొరకలేదు" అన్నాడు. ఫోన్ నా చేతికిచ్చేసి, "నువ్వు మాత్రం ఇంకోటి దొరుకుతావేంటి?" అన్నాడు.